ఏనుగుల గుంపులో పనిచూపులు

అనగనగా ఒక అడవి. వానాకాలంలో పచ్చగా, నిండుగా కళకళలాడే ఆ అడవి ఎండాకాలం వచ్చేసరికి అప్పడంలా ఎండిపోయేది. ఆకులన్నీ రాలిపోయేవి. వాగుల్లో ఇసుక తేలేది. పురుగూ పుట్రా నేలలోకి దూరి, మళ్లీ తొలకరి పడేదాకా తల బయట పెట్టేవి కావు.

ఆ అడవిలో ముక్కెర అనే గోరింక ఉండేది. పసుపుపచ్చని ముక్కు ధగధగా మెరుస్తుంటే చూసి ముచ్చటపడి వాళ్లమ్మ ఆ పేరు పెట్టింది. ముక్కు సంగతి సరే, ఆ ముక్కు ఒక్క క్షణం మూతపడితే ఒట్టు! నిద్ర లేచింది మొదలు వాగుతూనే ఉండేది. చెట్టుతో మాట్లాడేది, గాలితో మాట్లాడేది. ఎవరూ దొరక్కపోతే తనతో తనే మాట్లాడుకునేది.

ముక్కెర వాళ్లమ్మకు ఒక రెక్క పనిచేయదు. ఆ మధ్య గాలివానకు కొమ్మ విరిగి మీద పడింది. అప్పటి నుంచి ఆమె కొమ్మ మీద నుంచి కొమ్మ మీదికి ఎగరడమే గొప్ప. ఇక ఎగిరే పురుగును ఎక్కడ పట్టగలదు? ముక్కెర తెచ్చి నోట్లో పెడితేనే తిండి. ఇప్పుడేమో ఎండలు ముదురుతున్నాయి. పొద్దంతా తిరిగినా ఇద్దరికీ చాలినన్ని పురుగులు దొరకడం లేదు. మిగతా గోరింకలన్నీ చల్లని చోటు వెతుక్కుంటూ దూరంగా ఎగిరిపోతున్నాయి. అమ్మ ఎగరలేదు. అమ్మను వదిలి ముక్కెర వెళ్లదు. ఈ వేసవి ఎలా గడుస్తుందా అని తల్లీకూతుళ్లిద్దరికీ లోలోపల దిగులు పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే వడ్రంగిపిట్ట ఎండుమాను మీద వాలి, టకటకటకమని దండోరా వేసింది.

"అందరూ వినండి! కరియమ్మగారి ఏనుగుల గుంపుకు కావలిపిట్ట కావాలి! ముందు ఎగిరి దారి చూడాలి. వేసవంతా పని. ఏనుగులు నడుస్తుంటే గడ్డిలోంచి లేచే మిడతలన్నీ కావలిపిట్టవే! కూర్చోవడానికి ఏనుగు వీపు. ఇంట్లోవాళ్లనూ వెంట తెచ్చుకోవచ్చు. రేపు పొద్దున మద్దిచెట్ల దగ్గర పనిచూపులు!"

మనుషుల్లో పెళ్లిచూపులు ఉన్నట్టే ఆ అడవిలో పనిచూపులు ఉండేవి పిల్లలూ. పని ఇచ్చేవాళ్లు, పని అడగడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి నాలుగు మాటలు మాట్లాడతారు. నచ్చితే పెట్టుకుంటారు. నచ్చకపోతే మర్యాదగా పంపించేస్తారు.

దండోరా వినగానే ముక్కెరకు కాళ్లు నేల మీద నిలవలేదు.

"అమ్మా! విన్నావా? ఏనుగు వీపు! నువ్వు దాని మీద మహారాణిలా కూర్చోవచ్చు! మిడతలే నీ ముక్కు ముందుకు ఎగిరొస్తాయి! ఈ పని నాకే రావాలి. నాకే వస్తుంది. రాకపోతే చూడు!"

అలా అంటూనే ముక్కెర రెక్కలు దువ్వుకుంది, ముక్కు చెట్టుబెరడుకేసి రుద్దుకుంది, గొంతు సవరించుకుంది. కోకిలలా కూసి చూసింది. డేగలా అరిచి చూసింది. పక్క పొదలో పింఛయ్య అనే నెమలి అప్పటికే తోక విప్పి ఒక్కో ఈకా సర్దుకుంటోంది. కాస్త దూరంలో తీతువు పిట్ట "టీ టీ! టిటిటీ!" అని గొంతు చించుకుని సాధన చేస్తోంది. ఆ పక్కంతా ఒకటే సందడి.

"రేపు వాళ్లకు ఏం చెబుతావే?" అని అడిగింది అమ్మ.

"నేను ఎంత బాగా అరుస్తానో చెబుతాను. ఎన్ని గొంతులు పలుకుతానో చెబుతాను. నేనెంత చురుకైనదాన్నో చెబుతాను."

"అవన్నీ నీ సంగతులు. వాళ్ల సంగతేమిటి?"

"వాళ్ల సంగతా? వాళ్లు ఏనుగులు!"

అమ్మకు నవ్వొచ్చింది. "అది గుడ్డులో ఉన్న పిల్లకైనా తెలుసు. వాళ్లకు కావలిపిట్ట ఎందుకు కావలసొచ్చింది? ఇంతకు ముందు ఎవరూ లేరా? ఉంటే ఏమయ్యారు? వాళ్లకు దేనికి ఇబ్బందిగా ఉంది? ఇవేవీ తెలియకుండా వెళ్లి నీ గొప్పలు చెప్పుకుంటే, వాళ్లకేం ఒరుగుతుంది?"

ముక్కెర నోరు తెరిచింది. మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అది మొదటిసారి.

పొదలోంచి పింఛయ్య కిసుక్కున నవ్వాడు. "వాళ్ల గురించి మనకెందుకమ్మాయ్? వాళ్లు మనల్ని చూడ్డానికి కదా వస్తున్నారు! నువ్వు సాధన చేసుకో. పొద్దు గూకేదాకానే సమయం."

నిజమే, పొద్దు గూకేదాకానే సమయం. గొంతు సాధన చేయాలా? వెళ్లి ఏనుగుల సంగతి తెలుసుకోవాలా? రెండూ కుదరవు. ముక్కెర కొమ్మ మీద ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ గెంతింది. మళ్లీ అమ్మ రెక్క వంక చూసింది. "వెళ్లొస్తానమ్మా!" అంటూ రివ్వున ఎగిరింది.

ముందుగా ఎండిపోతున్న వాగు పక్కన నిలబడ్డ కొంగ దగ్గరికి వెళ్లింది. కిందటేడు ఏనుగుల గుంపులో కావలి కాసింది ఆ కొంగేనని దారిలో ఒక ఉడుత చెప్పింది.

"కొంగ బాబాయ్! నువ్వు కరియమ్మగారి దగ్గర పని చేశావట కదా?"

కొంగ మెడ ఇంత పొడుగు చేసింది. "వాళ్ల దగ్గరా? వద్దే పిల్లా, నా మాట విను! నక్క కనబడితే అరిచాను. తప్పా? కుందేలు కదిలితే అరిచాను. తప్పా? ఒకరోజు ఎండుటాకు ఎగిరితే పులి అనుకుని ఇంకా గట్టిగా అరిచాను. అంతే! గుంపంతా బెదిరి పరుగో పరుగు. ఆ తొక్కిసలాటలో ఒక గున్న కాలు బెణికింది. దానికి నన్ను పనిలోంచి తీసేశారు!"

ముక్కెరకు నాలుక దురదపెట్టింది. మధ్యలో దూరకుండా వినడం దానికి తుమ్ము ఆపుకున్నంత కష్టం. అయినా ఆపుకుంది.

"పైగా ఒట్టి మొండిఘటాలు," అన్నాడు కొంగ బాబాయ్. "పోతూ పోతూ ఒకచోట ఆగిపోతారు. అక్కడ మేత ఉండదు, నీళ్లుండవు. ఊరికే నిలబడతారు. 'పదండి పదండి' అని నేను అరిస్తే, ఆ కరియమ్మ నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేను."

"ఎందుకు ఆగుతారు బాబాయ్?"

"ఏమో! నేను అడగలేదు. నాకెందుకు?"

ముక్కెర సెలవు తీసుకుని ఎగిరింది. కొంగ బాబాయ్ కోపంతో చాలా మాటలన్నాడు. ఆ కోపాన్ని పక్కనబెట్టి చూస్తే మాత్రం ఒక సంగతి బోధపడింది. ఆ గుంపుకు అరిచేవాళ్లు అక్కర్లేదు. "అయ్యయ్యో! నేను పొద్దున్నుంచీ అరవడమే కదా సాధన చేస్తున్నాను!" అనుకుని ముక్కెర తనకు తనే నవ్వుకుంది.

తరువాత ఏనుగులు నడిచిన జాడ పట్టుకుని వెళ్లింది. దారిలో ఒక పేడపురుగు వెనక కాళ్లతో ఉండను దొర్లించుకుంటూ, చెమటలు కక్కుతూ పోతోంది.

"మామా! మీకు ఏనుగుల సంగతి తెలుసా?"

"తెలియకేం? వాళ్లు పెట్టిందే కదా మేం తినేది! కానీ ఏం లాభం పిల్లా? ఇదివరకు వెన్నముద్దలా ఉండేది. ఇప్పుడు చూడు నా అన్నం ఎలా తగలడిందో! అంతా పీచు, అంతా బెరడు. చుక్క తడి లేదు. ఉండ చుడితే పిడికిట్లో సున్నుండలా రాలిపోతోంది."

"ఎందుకలా?"

"ఎందుకేమిటి? తాగడానికి నీళ్లుంటే కదా! ఆ పాత మడుగులో బురద తప్ప ఏమీ లేదు. వేరేచోటు తెలియక రోజూ అక్కడికే పోతున్నారు. ఇదిగో, ఈ అడుగు చూడు." పెద్ద పెద్ద అడుగుల మధ్య బుల్లి అడుగు ఒకటి ముద్దుగా పడి ఉంది. "కొత్తగా పుట్టిన గున్న. పాపం, అది కూడా ఆ బురదనీళ్లే."

ముక్కెర ఎగిరి గంతేసింది. ఏనుగులకు ఏం కావాలో తెలిసిపోయింది! నీళ్లు! నీళ్ల జాడ చెప్పేవాళ్లు! పేడపురుగు మామకు ఒక నమస్కారం పెట్టి, గాల్లో ఒక గిరికీ కొట్టి ముందుకు దూసుకుపోయింది.

కాస్త దూరం వెళ్లాక ఏనుగులు కనిపించాయి. అమ్మో, ఎంతెంత ఏనుగులు! ముందు కరియమ్మ నడుస్తోంది. చెవుల అంచులు చిరిగి, నుదురు పాలిపోయి, కదిలే కొండలా ఉంది. ముక్కెర ఉత్సాహం పట్టలేక "ఏవండోయ్!" అని పిలవబోయింది.

అప్పుడే గుంపంతా ఆగింది.

అక్కడ మేత లేదు. నీళ్లు లేవు. కొంగ బాబాయ్ చెప్పిన చోటు ఇదేనని ముక్కెరకు తెలిసిపోయింది. కింద తెల్లటి పెద్ద ఎముకలు కొన్ని పడి ఉన్నాయి. కరియమ్మ తొండం చాచి, వాటి మధ్య ఉన్న ఏనుగు పుర్రెను మెల్లగా నిమిరింది. తరువాత ఇంకో ఏనుగు నిమిరింది. ఆ తరువాత ఇంకోటి. చివరికి బుల్లి గున్న కూడా వచ్చి, ఇంకా సరిగ్గా లొంగని తన తొండంతో తాకి చూసింది. ఎవరూ చిన్న సద్దు కూడా చేయలేదు.

కరియమ్మ వాళ్లమ్మ ఈ దారిలోనే కన్నుమూసిందని పెద్దలు చెప్పుకోగా విన్న మాట ముక్కెరకు గుర్తొచ్చింది. ఆ పుర్రె ఆమెదే. అమ్మ లేకపోతే ఎలా ఉంటుందో ముక్కెర ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించింది. దానికి ఏడుపొచ్చింది. పిలవబోయిన పిలుపును మింగేసి, ఏనుగులు కదిలేదాకా కొమ్మ మీద మౌనంగా కూర్చుంది.

ఏనుగులు వెళ్లిపోయాక ముక్కెర ఇంటికి పోలేదు. పొద్దు ఇంకా కాస్త ఉంది. "నీళ్లు కావాలని తెలిశాక, ఉత్త చేతులతో ఎలా వెళ్తాను?" అనుకుని కొండ అవతలికి ఎగిరింది. ఎగిరీ ఎగిరీ రెక్కలు లాగేశాయి. అదిగో! నల్లరాతి బండల మధ్య లోతైన గుండం. దాని నిండా నీళ్లు, అద్దంలా తళతళలాడుతూ! ముక్కెర ఒక మునక వేసి, దారి ఎలా ఉందో చూసుకుంటూ వెనక్కి వచ్చింది.

తెల్లారింది. మద్దిచెట్ల దగ్గర పండగే పండగ! కొమ్మకొమ్మకూ ఉడుతలు, పిట్టలు. ఏనుగులు వరుసగా నిలబడ్డాయి. కరియమ్మ మధ్యలో నిలబడి, "రండి నాయనా, ఒక్కొక్కళ్లే రండి," అంది.

ముందు పింఛయ్య వెళ్లాడు. వెళ్లీవెళ్లగానే పింఛం విప్పి జలజలా ఆడించాడు. బుల్లి గున్న బెదిరిపోయి తల్లి పొట్ట కిందికి దూరింది.

"చాలా అందంగా ఉన్నావు నాయనా," అంది కరియమ్మ. "ముందు ఎగిరి దారి చూస్తావా?"

"ఎగరడమా? ఇంత తోకతో అంత దూరం ఎలా ఎగరను పెద్దమ్మా?"

"మరి మా దగ్గర ఏం చేస్తావు?"

పింఛయ్య బుర్ర గోక్కున్నాడు. "మీరు నన్ను చూస్తూ ఉండొచ్చు," అన్నాడు.

ఉడుతలు పడీ పడీ నవ్వాయి. పింఛయ్య తోక ముడుచుకుని పక్కకు తప్పుకున్నాడు.

తరువాత తీతువు వచ్చింది. "ఈ అడవిలో నా అంత గట్టిగా అరిచేవాళ్లు లేరమ్మా! ఆపద వస్తే ఇదిగో, ఇలా చెబుతాను," అంటూ "టీ టీ టిటిటీ!" అని చెవులు చిల్లులు పడేలా అరిచింది. ఏనుగుల చెవులు నిక్కబొడుచుకున్నాయి. కుర్ర ఏనుగులు రెండు పరుగందుకోబోయాయి. కరియమ్మ అడ్డంగా నిలబడి, గొంతులో గుర్రుమంటూ వాటిని ఊరడించకపోతే మళ్లీ తొక్కిసలాటే అయ్యేది.

తీతువుకు ఏమీ అర్థం కాలేదు. "చాల్లేదా? ఇంకా గట్టిగా అరవనా?" అంది ఆశగా.

"వద్దు తల్లీ! నీకు పుణ్యముంటుంది!" అంది కరియమ్మ.

ఇక ముక్కెర వంతు వచ్చింది. గెంతుతూ ముందుకు వచ్చింది. కరియమ్మ తొండం చాచి దాన్ని వాసన చూసింది. ఆ ఊపిరికి ఈకలన్నీ చెదిరిపోయాయి.

"నీకేం వచ్చమ్మా?" అని అడిగింది కరియమ్మ.

ముక్కెర రాత్రంతా వరుసగా పేర్చిపెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా గొంతులోకి తోసుకొచ్చాయి.

"అమ్మగారూ! నాకు మీ గురించి అంతా తెలుసు! మీ పేడ ఎండిపోయింది!"

కొమ్మల మీది ఉడుతలు తోకలు నిక్కబెట్టాయి. ఏనుగులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

"మా పేడ సంగతి దీనికెందుకు?" అంది ఒక ఏనుగు.

"మా వెనకాల తిరిగి ఆరా తీశావా?" అంది కరియమ్మ. ఆ గొంతు ఉరుములా ఉంది.

ముక్కెరకు నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది. చేతికందిన పని చేజారిపోతోంది. అమ్మ గూట్లో ఎదురుచూస్తూ ఉంటుంది. ముక్కెర కళ్లు మూసుకుని, ఊపిరి పీల్చుకుని, ఈసారి మెల్లగా మాట్లాడింది.

"తప్పుగా చెప్పానమ్మగారూ. నా తెలివి చూపించుకుందామని తొందరపడ్డాను. మీకు ఏం కావాలో తెలియకుండా నాకు ఏం వచ్చో చెప్పి లాభం లేదని వెళ్లి అడిగాను. మీకు నీళ్లు కరువని తెలిసింది. అందుకే నిన్న కొండ అవతలికి వెళ్లి చూశాను. నీళ్లున్నాయి."

"నీళ్లా!" ఏనుగులన్నీ ఒక అడుగు ముందుకు వేశాయి. గున్న తల్లి పొట్ట కింది నుంచి తల బయటపెట్టింది.

"రాతి గుండం. లోతైన నీళ్లు. నేరుగా వెళ్తే మధ్యాహ్నం లోపే చేరొచ్చు. కానీ ఆ దారిలో కాలు పెడితే రాళ్లు దొర్లుతున్నాయి. మీరు దిగగలరు. ఈ గున్న బుజ్జిగాడు దిగలేడు."

"నేను దిగగలను!" అన్నాడు బుజ్జిగాడు. వాళ్లమ్మ తొండంతో వాడి నోరు మూసింది.

"వెదురుపొదల పక్క నుంచి చుట్టుదారి ఒకటుంది," అంది ముక్కెర. "సగం దాకా మెత్తటి నేల. అక్కడికి వచ్చేసరికి చీకటి పడింది. మిగతా సగం నేను చూడలేదు."

"చూడలేదని నీ నోటితో నువ్వే చెబుతున్నావా?" అంది కరియమ్మ వింతగా.

"చూశానంటే మీరు నా మాట నమ్మి అడుగు వేస్తారు కదమ్మా. బుజ్జిగాడు కూడా వేస్తాడు. ఇప్పుడు వెళ్లమంటే వెళ్లి చూసొస్తాను."

కరియమ్మ చెవులు నెమ్మదిగా ఊగడం మొదలుపెట్టాయి. "దారిలో పులి కనబడితే ఏం చేస్తావు?"

"అరవను. మీ చెవి దగ్గర వాలి మెల్లగా చెబుతాను. ఆగాలో, తిరగాలో మీరు చెప్పండి."

"మెల్లగానా? నువ్వా?" అంది ఇందాకటి ఏనుగు. "అడవంతా వినబడే గొంతు నీదేగా!"

"నిన్నటి నుంచే నేర్చుకుంటున్నానండీ," అంది ముక్కెర. ఏనుగులకు నవ్వాగలేదు.

కరియమ్మ కూడా నవ్వి, "మరి నువ్వు మమ్మల్ని ఏమైనా అడగాలా?" అంది.

ముక్కెర అడగాల్సినవి చాలానే ఉన్నాయి. అమ్మకు చోటిస్తారా? ఏ వీపు మీద? మిడతలు నిజంగా అన్ని లేస్తాయా? అవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ దాని మనసులో నిన్నటి నుంచి మెదులుతున్నది వేరే.

"మీరు దారిలో మీ అమ్మగారి దగ్గర ఆగుతారు కదా. అప్పుడు నేనేం చేయాలండీ? ఎగిరి దూరంగా వెళ్లిపోనా?"

కరియమ్మ తొండం మెల్లగా దించింది. దాని కళ్ల పక్క నుంచి తడి జారింది.

"ఎందరో వచ్చారు, పనిచేశారు, వెళ్లారు. ఈ మాట ఎవరూ అడగలేదు," అంది. "ఎక్కడికీ వెళ్లొద్దు తల్లీ. మాతోపాటు నిలబడు."

"అంటే... పని ఇచ్చినట్టేనా అమ్మగారూ?"

"ఇచ్చినట్టే. వెళ్లి ఆ మిగతా సగం దారి చూసిరా. వచ్చేటప్పుడు మీ ఇంట్లోవాళ్లనూ తీసుకురా. అందరం కలిసే బయలుదేరదాం."

ముక్కెర అడవి దద్దరిల్లేలా కేక పెట్టబోయి, చప్పున నోరు మూసుకుని, గడ్డిలో గింగిరాలు తిరుగుతూ సద్దు లేకుండా గంతులేసింది. అది చూసి పింఛయ్యకు కూడా నవ్వొచ్చింది.

చుట్టుదారి రెండో సగం కూడా బాగానే ఉంది. ముక్కెర వాళ్లమ్మ కొమ్మ నుంచి కొమ్మకు గెంతుతూ వచ్చి కరియమ్మ వీపెక్కింది. ఎండ ఎక్కకముందే గుంపు కదిలింది. ముక్కెర ముందు ఎగురుతూ, దారి చూస్తూ, కరియమ్మ చెవి దగ్గర వాలి గుసగుసలాడుతూ మళ్లీ ఎగిరిపోయేది. బుజ్జిగాడు వాళ్లమ్మ తోక పట్టుకుని వెదురుపొదల పక్క నుంచి తూగుతూ నడిచాడు. సాయంత్రానికి ఏనుగులన్నీ గుండంలో దిగి, ఒకదాని మీద ఒకటి నీళ్లు చిమ్ముకుంటూ కేరింతలు కొట్టాయి.

గట్టు మీద నిలబడ్డ కరియమ్మ వీపున ముక్కెర వాళ్లమ్మ కూర్చుని ఉంది. గడ్డిలోంచి ఒక పచ్చ మిడత చటుక్కున లేచింది. అమ్మ మెడ చాచి టపుక్కున పట్టింది. గాలివాన తరువాత ఆమె తనంతట తాను పట్టిన మొదటి పురుగు అది. దాన్ని మింగలేదు.

"ముక్కెరా, ఇలా రావే!" అని పిలిచింది. "ఇన్నాళ్లూ నువ్వు నాకు పెట్టావు. ఇవాళ నేను పెడతాను. నోరు తెరువు."

ముక్కెర నోరు తెరిచింది. ఒక్క మాట కూడా మాట్లాడకుండా, కళ్లనిండా నీళ్లతో ఆ ముద్ద తింది.

నీతి: పని అడగడానికి వెళ్లేటప్పుడు మనకేం వచ్చో తెలిస్తే చాలదు, ఆ పని ఇచ్చేవాళ్లు ఎవరో, వాళ్ల అవసరం ఏమిటో మనసుపెట్టి తెలుసుకుని వెళ్లాలి.